నూట నలభైలోంచి తీసివేత

పదీ పదైంది. డాక్టరమ్మ పదకొండుకు వస్తుంది. రౌండ్లకు పోయిన డాక్టర్లు చెప్పిన టైముకు తిరిగి వచ్చిన చరిత్ర ఉందో లేదో నాకు తెలియదు గానీ, పదకొండు అన్నారు కాబట్టి పదకొండే అనుకుందాం, లెక్క మొదలుపెట్టాలంటే ఏదో ఒక అంకె కావాలి కదా. ముప్పైనాలుగేళ్లు లెక్కలు చెప్పిన బుర్ర ఇది, అంకె లేకపోతే కదలదు. ఆమె వచ్చి అక్క కాగితం మీద సంతకం పెడితే ఆ కాగితం కింది అంతస్తులో మందు కలిపే గదికి పోతుంది. అక్కడ కొలిచి సీసాలో కలిపాక ఇంక ఎవరు చెప్పినా మారదు. అంటే నాకున్నది యాభై నిమిషాలు, చెప్పాల్సింది ఒకే ఒక్క అంకె. మా అక్క వయసు. ఆసుపత్రివాళ్లు చూసే పింఛను కార్డు లెక్కన డెబ్బై నాలుగు. ఆమెకు అరవై మూడు. ఆ డెబ్బై నాలుగు రాసింది నేనే. సరిగ్గా చెప్పాలంటే తొమ్మిదేళ్ల కిందట నేను అరవై అయిదు అని రాశాను, మిగతా తొమ్మిదీ క్యాలెండరే కలుపుకుంటూ వచ్చింది. తప్పు లెక్కే, కానీ అందులో కూడిక మాత్రం ఎక్కడా తప్పలేదు.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద నా పక్కన ఎవరో చీనీపండు తొక్కలు పెట్టి పోయారు. తీసి పారేద్దామంటే లేవాలి, లేస్తే ఈ చోటు పోతుంది, చోటు పోతే తలుపు సందులోంచి అక్క మంచం కనబడదు. అందుకని తొక్కల పక్కనే కూర్చున్నాను. అక్క పడుకోలేదు. పడుకోమంటే, జబ్బుమనిషి మాదిరి పడుకునేదేందప్పా అంటుంది. కాళ్లు కిందికి వేలాడేసుకుని, ఎడమ చేతికి సూది ఉండగానే కుడి చేత్తో పొద్దున బస్టాండులో నేను కొన్న బొరుగుల ఉగ్గాని పొట్లంలో మిగిలింది ఏరుకుని తింటోంది. పక్క మంచం మీద పత్తికొండ దగ్గర్నుంచి వచ్చిన ఆమె, పాపం నలభై కూడా ఉండవు, గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంది. ఆమెకు నిన్న ఎక్కించారట. రాత్రంతా వాంతులట. అక్క ఆమెకు ధైర్యం చెబుతోంది, చెబుతున్నది నా దాకా వినబడుతోంది. “మూడుసార్లు ఎక్కించినారమ్మా నాకు. ఏమన్నా అయిందా? మూడో దినానికి చేన్లో కలుపు తీయనీకి పోయినా. మందుకు భయపడితే అది మన మీదికెక్కి కూర్చుంటాది.”

ఊళ్లో అందరూ ఇదే చెప్పుకున్నారు. రత్నమణికి క్యాన్సరు మందు కూడా లెక్కలేదన్నారు. జుట్టు కొంచెం పలచబడింది, అంతే. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే నేనే లేచి చెప్పాను, మా అక్కకు దేవుడిచ్చిన శక్తి అని. అందరూ ఆమెన్ అన్నారు. ఆమెన్ అన్నప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో నాకే తెలుసు. దేవుడిచ్చిన శక్తి కాదు, నేనిచ్చిన తక్కువ మందు అని ఇప్పుడు పోయి అదే చర్చిలో అదే చోట నిలబడి చెప్పాలి, చెబితే ఆమెన్ అనేవాడు ఎవడో చూడాలి.

మూడు వారాల కిందట, మూడోసారి ఎక్కించిన రోజున, నాకు ఈ సంగతి తెలిసింది. నర్సు దీవెన కేసు షీటు మంచం మీద పెట్టి ఎవరో పిలిస్తే పోయింది. కాగితం కనబడితే చదవడం నా రోగం, దానికి ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు. ఒక మూల పెన్సిలుతో చిన్న చిన్న అంకెలు. నూట నలభైలోంచి డెబ్బై నాలుగు తీసివేత. మిగిలిన అరవై ఆరును నలభై ఆరుతో గుణకారం. కింద ఇంకేవో భాగహారాలు. ప్రతి మెట్టూ చూపించింది డాక్టరమ్మ, నా తరగతిలో పిల్ల అయితే పూర్తి మార్కులు వేసేవాణ్ణి. దీవెన తిరిగి రాగానే ఇదేంటమ్మా అని అడిగాను, ఊరికే, లెక్క కాబట్టి. ఆ పిల్ల ఓపికగా చెప్పింది. నలభై ఆరు అవ్వ బరువట. ఈ మందును మూత్రపిండాలే బయటికి పంపాలట, వయసు పెరిగేకొద్దీ వాటి వడపోత తగ్గుతుంది కాబట్టి నూట నలభైలోంచి వయసును తీసేస్తారట, ఎంత మిగిలితే మందు ఆ ప్రకారమట. పైగా డెబ్బై దాటినవాళ్లు తట్టుకోలేరని ఇంకొంత కోస్తారట. అంతా చెప్పి, మీరు లెక్కల సారు కదా, మీకు తొందరగా అర్థమైంది అని మెచ్చుకుని పోయింది. అర్థమైంది. అర్థమయ్యే సమయానికి సీసాలో మందు ఇంకా సగం ఉంది. ఆపండి అని నేను అనలేదు. బొట్టు బొట్టుగా ఆ సగం కూడా అయిపోయేదాకా నోరు మూసుకుని చూశాను.

తిరుగు బస్సులో టికెట్టు వెనకాల లెక్క చేశాను. హంద్రీ వంతెన దాటేసరికి చోటు అయిపోయింది, మిగతాది అరచేతి మీద చేశాను. డెబ్బై నాలుగు వేస్తే రెండు వందల ఎనభై మిల్లీగ్రాములు. అరవై మూడు వేసి, డెబ్బై దాటిందన్న కోత కూడా తీసేస్తే మూడు వందల ఎనభై ఆరు. మళ్లీ చేశాను. మళ్లీ అంతే వచ్చింది. పక్కన కిటికీలోంచి గాలికి తల ఊపుతూ అక్క నిద్రపోతోంది, ఆమెకు రావాల్సిన మందులో పావువంతుకు పైగా నేను తిన్నాను. సూత్రం ఎప్పుడూ తప్పు చేయదు, దాన్లో మీరు వేసే అంకే తప్పు చేస్తుంది అని ఎన్ని వేలమంది పిల్లలకు చెప్పానో. చెప్పి చెప్పి నాకే తగిలింది.

అసలు ఎందుకు రాశాను? దయతో రాశాను. దయ అనే మాట ఇప్పుడు నా నోటికి చేదుగా ఉంది కానీ నిజం అదే. బావ బళ్లారి దిక్కున మిల్లు పనికని పోయి ముప్పై ఏళ్లు. చచ్చిపోయాడని కాగితం లేదు కాబట్టి అక్క విధవ కాదు. ఉన్నాడని చూపడానికి మనిషి లేడు కాబట్టి మొగుడున్న ఆడదీ కాదు. సర్కారు పింఛను ఫారంలో ఆమె పట్టే గడి లేదు. ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగకముందే ఎండిపోయింది, నా ఇంటికి వచ్చి ఉండమంటే అక్క వినదు, తమ్ముని ఇంట్లో తింటే తిన్నట్టుండదు అంటుంది. ఇంక ఉన్న గడి ఒక్కటే, అరవై అయిదు దాటినవాళ్లది. అక్కకప్పుడు యాభై నాలుగు. చర్చి వరండాలో బల్ల వేసుకుని ఒక్క మధ్యాహ్నం పదకొండు మందికి దరఖాస్తులు రాశాను. వాళ్లలో నిజంగా అరవై అయిదు దాటినవాళ్లు నలుగురుంటారేమో. పెద్ద ఈరన్నకు ఎంతో ఆయనకే తెలియదు, ఊరూరా గంజి పోసిన కరువులో రోడ్డు పనికి పోయినా, రాసుకో అన్నాడు, రాసుకున్నాను. మండలాఫీసు నుంచి మనిషి వచ్చి చూసిపోయాడు. ఎవరి ముఖం చూసీ అనుమానపడలేదు. యాభై నాలుగేళ్ల మా అక్క ముఖం అతనికి అరవై అయిదుగానే కనబడింది. ఎండా, చేనూ ముందే రాసిపెట్టిన పదకొండేళ్లను నేను కాగితం మీదికి ఎక్కించానంతే అని అప్పట్లో నాకు నేనే చెప్పుకున్నాను. తెలివైనవాడికి సాకులకు కొదవా.

ఈ సీమలో వయసు అవసరాన్ని బట్టి చెప్పేది. బడికైతే పెంచుతారు, పెళ్లికైతే తగ్గిస్తారు, పింఛనుకైతే మళ్లీ పెంచుతారు. నేనే ఎన్ని వందల మంది పిల్లలకు జూలై ఒకటి అని పుట్టినరోజు రాశానో. ఎవరైనా బయటివాడు మా స్కూలు రిజిస్టర్లు చూస్తే, కర్నూలు జిల్లా ఆడవాళ్లంతా జూన్ నెల బిగబట్టుకుని ఒకటో తారీఖున కన్నారనుకుంటాడు. నాదీ జూలై ఒకటే, మా హెడ్మాస్టరు రాసింది. దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కాగితం కాగితమే, ఒళ్లు ఒళ్లే, రెండూ ఎప్పుడూ ఎదురుపడలేదు ఇంతవరకూ. కాగితం మీది అంకె సూదిలోంచి మనిషి రక్తంలోకి పోతుందని నాకెవరు చెప్పారు?

పదీ ఇరవై అయిదు. అక్క ఉగ్గాని పొట్లం మడిచి దిండు కింద పెట్టుకుంది. రాతతో అయిపోలేదు, అదే నన్ను ఎక్కువగా కాలుస్తున్నది. అధికారి వచ్చి అడుగుతాడని పదకొండు మందికీ నేర్పించాను. పిల్లలకు ఎక్కాలు చెప్పించినట్టు నిలబెట్టి చెప్పించాను. నీ వయసెంత? అరవై అయిదు సారూ. గట్టిగా. అరవై అయిదు సారూ. అక్క చేటలో జొన్నలు చెరుగుతూ చెప్పింది, చేట కింద పెట్టి చెప్పమన్నాను. పెట్టింది, చేతులు ఒళ్లో పెట్టుకుని, నడుము నిటారుగా చేసి, చెప్పి, నా ముఖం చూసింది, సరిగ్గా వచ్చిందా అని. అక్క బడికి పోలేదు. నేను పోయాను. చిన్నప్పుడు నా పలక తీసుకుని గీతలు గీసి ఇదేం అక్షరమో చెప్పు అని వెంటపడేది, ఏ అక్షరమూ కాదు పో అనేవాణ్ణి. అరవై అయిదు అని బాగా చెప్పావక్కా అన్నప్పుడు ఆమె ముఖం వెలిగిన తీరు నాకు గుర్తుంది. మా అమ్మ దగ్గర కూడా అక్క అంత సంతోషపడగా చూడలేదు. నా దగ్గర ఆమె నేర్చుకున్న చదువు మొత్తం అదొక్క ముక్క. దాన్ని ఎంత భద్రంగా పెట్టుకుందంటే, ప్రతి కొత్త సంవత్సరం ఆరాధన కాగానే చర్చి బయట నన్ను పక్కకు పిలిచి, ఈ యేడు యెంత చెప్పల్ల రాజూ అని అడుగుతుంది. నేను ఒకటి కలిపి చెబుతాను. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు. మరిచిపోయే పిల్లలకు పాఠం చెప్పి ముప్పైనాలుగేళ్లు తిట్టుకున్నాను, మరిచిపోని ఒక్కరూ దొరికితే ఇది.

సంచిలో పాస్టరు యేసుప్రసాద్ గారి ఉత్తరం ఉంది. సోమవారం రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక తెచ్చుకున్నాను. మొదట్లో ఎనిమిది వందల చిల్లర ఉన్న ఆ జబ్బు అంకె ఈపాటికి ముప్పై అయిదు లోపలికి దిగాలట. మూడు వందల పది దగ్గర మొండికేసింది. రావాల్సినంత తగ్గలేదు సార్, ఈ వయసులో ఇంతకంటే పెంచే ధైర్యం నేను చేయలేను, తెల్లకణాలు పడిపోతే మనిషి దక్కరు అని డాక్టర్ శ్రీవాసవి మెల్లగా, నొప్పి కలగకుండా చెప్పింది. మంచి పిల్ల. పత్తికొండలో వాళ్ల నాయనది కిరాణా అంగడట, తూకం తెలిసిన ఇంటి పిల్ల. ఈ వయసులో అన్నప్పుడల్లా నేను దొంగలాగా తల ఊపాను. మర్నాడే పాస్టరు దగ్గరికి పోయి బాప్తిస్మాల పుస్తకం తీయించాను. దొరల కాలం పుస్తకం, అంచులు చెదలు తిన్నాయి, మా పేజీ మిగిలింది. రత్నమణి, జననం వెయ్యిన్నీ తొమ్మిది వందల నలభై అయిదు మార్చి. మూడేళ్ల తర్వాత అదే చేతిరాతలో దావీదురాజు, అది నేను. యేసుప్రసాద్ గారు చూసి రాసిచ్చాడు. పుస్తకంలో ఉండేది రాసిస్తా సారూ, దాన్ని యాడ చూపిస్తారో నేనడగను అన్నాడు. అడగనన్నాడంటే అన్నీ తెలిశాయని.

తెలిసినవాళ్లు ఊరుకుంటారా. ఈ పొద్దున మా కోడుమూరు బస్టాండులో బొజ్జన్న ఎదురుచూస్తున్నాడు. పదకొండు మందిలో అతనొకడు, అసలు వయసు ఇప్పటికీ అరవై దాటలేదు. అక్కకు ఉగ్గాని పొట్లం, నాకు టీ, రెండూ తనే కొనబోయాడు, ఉగ్గాని అప్పటికే నేను కొన్నాను కాబట్టి టీ మాత్రం చేతిలో పెట్టాడు. అక్క దూరంగా పోయేదాకా ఆగి అన్నాడు. “సారూ, అక్క బాగుపడల్ల. నేనూ దినామూ ప్రార్థన చేస్తాండా. కానీ మా పదకొండు మంది కాగితాల్లో ఉండేది ఒకటే చేతిరాత. ఒకటి బయటపడితే అన్నీ బయటపడతాయి. పెద్ద ఈరన్న నిజంగా ముసలోడే, ఆయప్ప పింఛను కూడా నిలిపేస్తారు.” బెదిరించలేదు. బెదిరిస్తే బాగుండేది, తిరిగి తిట్టేవాణ్ణి. టీ తాగలేక గ్లాసు అరుగు మీద పెట్టి బస్సెక్కాను.

పదీ నలభై. ఎవరి మీద పడాలో తెలియని కోపం ఒకటి పొద్దున్నుంచీ నా లోపల తిరుగుతోంది, ఇప్పుడు డాక్టరమ్మ మీద పడింది. ఆమె తప్పు లేదా? మూడుసార్లు వచ్చింది అక్క. మూడుసార్లూ ఆమె కార్డు చూసింది, కాగితం చూసింది, పెన్సిలు తీసింది. ఒక్కసారైనా అవ్వా లేచి నాలుగడుగులు వేయి అన్నదా? నీ చేతులు చూపించు అన్నదా? ఆ అరచేతులు చూస్తే తెలియదా, పోయిన కారు కోతల్లో కూడా మూట ఎత్తినవని? అందరూ అవ్వా అవ్వా అంటారు, కార్డు మీద డెబ్బై నాలుగుంది కాబట్టి అవ్వ. నిజంగా డెబ్బై నాలుగే ఉన్నా సరే, డెబ్బై నాలుగేళ్ల మనుషులంతా ఒకే అచ్చులో పోసినవాళ్లా? మంచం దిగలేని డెబ్బై ఉంది, చేను దున్నే డెబ్బై ఉంది. వాళ్లిద్దరికీ నూట నలభైలోంచి ఒకే తీసివేతా? అని కోపం తెచ్చుకుని, తెచ్చుకున్న కోపం సగం దూరం పోయి తిరిగి నా దగ్గరికే వచ్చి కూర్చుంది. ఆ పిల్ల నమ్మింది. కార్డును నమ్మింది. కార్డు నన్ను నమ్మింది. వరసలో అబద్ధం ఆడినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆదివారం బడిలో అబద్ధ సాక్ష్యం పలకకూడదు అని పిల్లలతో పదిసార్లు చెప్పించే దావీదురాజు సారు. కాపీ కొట్టాడని తేజేశ్వర్ అనే పిల్లవాణ్ణి పదో తరగతి ప్రీ-ఫైనల్లో ఎండలో నిలబెట్టిన దావీదురాజు సారు. మూడు వారాలుగా దేనికి భయపడుతున్నాను? నా పెన్షను ఆపుతారనా, కేసు పెడతారనా? అదీ ఉంది. దానికంటే ఎక్కువ, సారు కూడా ఇంతేనా అని కోడుమూరులో అనుకుంటారని. ఆ ఒక్క మాట వినలేక మా అక్క కడుపులో జబ్బుకు మూడు వారాలు గడువిచ్చాను. ఉత్తరం సంచిలో ఉంది, సంచి ఒళ్లో ఉంది, నోరు మాత్రం ఎక్కడుందో తెలియడం లేదు. పదకొండుకు చెబుదాం. ఆమె వచ్చాక, పక్కకు పిలిచి, మర్యాదగా. ఇంకా పావుగంట ఉంది.

లేదు. పదీ నలభై ఎనిమిదికి దీవెన నా ముందు నుంచి గబగబా పోతోంది, చేతిలో కాగితం. డాక్టరమ్మ వచ్చిందా అని అడిగాను. రాలేదు సార్, ఆలస్యమవుతుందని పై వార్డులోనే సంతకం పెట్టించుకొచ్చాను, అవ్వను ఎండలో పంపకుండా తొందరగా అయిపోతుంది కదా అంది. నా పావుగంట లెక్క అంతే. నేను లేచాను. చీనీ తొక్కలు కింద పడ్డాయి. పరీక్ష హాల్లో చీటీ లాక్కున్నట్టు ఆ పిల్ల చేతిలోంచి కాగితం లాక్కున్నాను. రెండు వందల ఎనభై అని రాసి ఉంది, కింద ఆకుపచ్చ సంతకం. సార్ అదియ్యండి, కిందికి పోవాలి అంటోంది దీవెన. వరండాలో అందరూ చూస్తున్నారు.

“పోనియ్యనమ్మా. దీంట్లో లెక్క తప్పు ఉండాది. డాక్టరమ్మను పిలువు.”

పది నిమిషాలకు వచ్చింది, కోపంగానే వచ్చింది, మెట్లు దిగిన ఆయాసం కూడా ఉంది. ఎంతో మర్యాదగా చెబుదామనుకున్న మాటలన్నీ యాడికో పోయాయి. నూట నలభైలోంచి తీసేయాల్సింది డెబ్బై నాలుగు కాదమ్మా, అరవై మూడు అన్నాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు. ఉత్తరం ఇచ్చాను, చదివింది, మడిచింది. రిపోర్టు బాగా రాకపోతే మందు పెంచమని ఇంట్లోవాళ్లు ఏదో ఒకటి తెస్తుంటారు సార్, నాకు అలవాటే అంది. ఎక్కువ మందు పోసి మనిషిని చంపుకున్నాక నన్నడిగేవాళ్లు కూడా ఇంట్లోవాళ్లే అంది. ఆ మాట నిజమే. ఇంక నాతో మాట్లాడకుండా లోపలికి పోయి అక్క మంచం దగ్గర వంగి అడిగింది. “అవ్వా, నీ వయసెంత?”

అక్క చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. సూది ఉన్న చెయ్యి కూడా ఒళ్లోకి తెచ్చుకుని, నడుము నిటారుగా చేసింది. “డెబ్బై నాలుగు సారూ” అంది గట్టిగా. ఆడ డాక్టరుతో సారూ అంది, నేను నేర్పింది అట్లాగే కాబట్టి. చెప్పి నా ముఖం చూసింది, సరిగ్గా వచ్చిందా అని.

నేను చాలా మంది పిల్లలకు తప్పు అని చెప్పాను. ఎర్ర పెన్నుతో, బెత్తంతో, ఒక్కోసారి ఊరికే చూపుతో. “తప్పక్కా” అన్నాను. “నువ్వు సరిగ్గానే చెప్పినావు. నేను తప్పు నేర్పినా.”

అక్క ముఖం ముడుచుకుంది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, డాక్టరమ్మ వినకూడదని గొంతు తగ్గించింది, తగ్గించినా అందరికీ వినబడింది. “ఊరుకో రాజూ. పింఛను పోతే పోతాది, నాకేం. నీ పేరు పోతాది. అంతమంది పిల్లోళ్లకు సదువు చెప్పినోనివి.”

అంటే ఆమెకు ఇదంతా తెలుసు. ఏది తప్పో, ఎవరిదో, బయటపడితే ఎవరికి నష్టమో, చదువు రాని మా అక్కకు నాకంటే ముందే తెలుసు. తెలిసే తొమ్మిదేళ్లు నా పాఠం నాకోసం అప్పజెబుతోంది. డాక్టరమ్మ నన్ను చూసింది, అక్కను చూసింది. ఈసారి వయసు అడగలేదు. మంచం మీద అంచున కూర్చుని, మీ తమ్ముడు పుట్టినప్పుడు నువ్వెంత ఉంటివమ్మా అని అడిగింది. అవ్వా అనలేదు.

ఈ ప్రశ్నకు నేను జవాబు నేర్పలేదు. అక్క అప్రయత్నంగా నవ్వింది. “ఎంతుంటి? పాలు మరిపించిన పిల్లనే. నన్ను సంకనుంచి దించి ఈయప్పను ఎత్తుకునింది మాయమ్మ. ఎత్తుకుంటానని నేనూ ఏడిస్తే ఒళ్లో పెట్టింది, మోయలేక ఇద్దరం పడినాం.” చెప్పాక గానీ తనేం చెప్పిందో తెలియలేదు ఆమెకు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు అరవై, కార్డే నిజమైతే నేను పుట్టేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లుండాలి.

తర్వాత అంతా తొందరగా జరిగింది. డాక్టరమ్మ అక్కను లేచి వరండా చివరిదాకా నడిచి రమ్మంది. సెలైన్ స్టాండు దీవెన పట్టుకుంటే, ఆ పిల్లను కూడా లాక్కుని పోయినట్టు పోయి వచ్చింది అక్క, ఆయాసం దీవెనకే వచ్చింది. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవమంది, లేచింది. డాక్టరమ్మ ఆమె అరచేతులు తిప్పి చూసింది. ఇది నేను మొదటిరోజే చేయాల్సింది సార్ అంది, నా వైపు చూడకుండా. పోయిన వారం మూత్రపిండాల పరీక్ష కాగితం మళ్లీ తీసి చూసింది. నోటిమాట మీద మందు మార్చలేను, ఉన్నది రాసి సంతకం పెట్టండి, ఆ ఉత్తరంతో పాటు ఫైల్లో ఉంటుంది, కార్డు చూసేవాళ్లు అడిగితే మీరే జవాబు చెప్పుకోవాలి అంది. రాశాను. చర్చి వరండాలో రాసిన అవే గుండ్రటి అక్షరాలు, అదే వంపు. ఎవరైనా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది. బొజ్జన్న గ్లాసులో టీ గుర్తొచ్చింది, పెద్ద ఈరన్న గుర్తొచ్చాడు. రేపు మండలాఫీసుకు నేనే పోవాలి, నా పేరు ముందు చెప్పి, ఈరన్నను మాత్రం వదిలేయమని అడగాలి. వదులుతారో లేదో. పూర్తిపేరుతో సంతకం పెట్టాను.

డాక్టరమ్మ పాత అంకె కొట్టేసి పెన్సిలుతో మళ్లీ చేసింది. చేసి, కాగితం నా వైపు తిప్పింది, మీరొకసారి చూడండి సార్ అంది. నూట నలభైలోంచి అరవై మూడు. డెబ్బై ఏడు. కంటికి నీళ్లు అడ్డమై తర్వాతి మెట్టు కనబడలేదు, అయినా సరిపోయిందన్నాను. చిల్లర వదిలేసి మూడు వందల ఎనభై అని రాసి సంతకం పెట్టింది. ఈసారి ఆమెకు కష్టంగానే ఉంటుంది, జ్వరం వస్తే ఏ వేళైనా తీసుకురండి, వారం వారం రక్తం చూడాలి, కణాలు పడిపోతే మళ్లీ తగ్గిస్తాను అని చెప్పింది. అన్నీ విని ఒకటి అడిగాను, తక్కువ పడిన మూడింటిదీ ఇప్పుడు కలపలేరా అని. అడుగుతుండగానే సిగ్గేసింది. అట్లా కలపకూడదు సార్, పోయినవి పోయినాయి, ఇంక మూడు మిగిలాయి అంది. ముప్పైనాలుగేళ్లు తప్పుల సవరణ చేయించాను. సవరించాక పాత తప్పు అట్లాగే ఉండిపోయే లెక్క ఒకటుందని ఈ పొద్దు నేర్చుకున్నాను.

పన్నెండున్నరకు సీసా తగిలించారు. నేను బయటి బల్ల మీద కాకుండా అక్క పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. ఆమె నాతో మాట్లాడటం లేదు, నా పేరు నేనే పోగొట్టుకున్నానని అలిగింది. పత్తికొండ ఆమె ఇటు తిరిగి, ఈసారి నీకు ఎక్కువ పెట్టినారంట గదా అవ్వా అని నీరసంగా అడిగింది. అక్క సీసా వైపు తల ఎత్తి చూసింది. “పెట్టనీలేమ్మా. ఇది మాత్రం ఏం చేస్తాది నన్ను? మూడో దినానికి మళ్లా నేను చేన్లోనే ఉంటా, చూడు.”

ప్రార్థనలో నేనెప్పుడూ అంకెలు చెప్పలేదు, దేవునికి లెక్కలు చెప్పడమేంటని. ఇప్పుడు చెప్పాను. అక్క చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది, మళ్లీ పట్టుకుని, కళ్లు మూసుకుని చెప్పాను. ప్రభువా, ఈసారి మా అక్క మూడో రోజున చేనికి పోకూడదు.